కథల ఆట యాప్‌ను తిరగరాస్తే, దాన్ని విడుదలకు ముందే పరీక్షించడం ఎలా: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటే చదువుతూ ఆడే కథ. తెర మీద వచ్చిన పేరా చదివి, తర్వాత ఏం జరగాలో మనమే చెప్పాలి. కొన్ని కథల్లో కింద ఇచ్చిన ఎంపికల్లో ఒకటి నొక్కితే చాలు. ట్వైన్ అనే కథలల్లే సాధనంతో చేసిన కథలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. ఇంకొన్నింటిలో ‘తలుపు తెరువు’, ‘ఉత్తరం చదువు’ అంటూ ఆదేశం టైప్ చేయాలి. ఈ రెండో రకానికి చాలా పాత చరిత్ర ఉంది. ఇన్‌ఫోకామ్ అనే ఆటల కంపెనీ వాళ్లు 1979లో జెడ్-మెషీన్ అనే ఊహా కంప్యూటర్‌ను రూపొందించి, దాని కోసం కథలు రాశారు. ఆనాటి కథ ఫైళ్లు ఇవాళ్టి ఫోన్లలో కూడా నడుస్తాయి. ఫైలు అలాగే ఉంటుంది, దాన్ని నడిపే యాప్ మాత్రం మారుతూ వస్తుంది.

అలాంటి యాప్‌ను డెవలపర్లు ఒక్కోసారి మొదటినుంచి తిరగరాస్తారు. పాత కోడ్ కొత్త ఆండ్రాయిడ్ మీద నడవకపోవచ్చు, లేదా ఒక చోట సరిచేస్తే ఇంకో చోట చెడిపోయే స్థితికి వచ్చి ఉండవచ్చు. పైకి చూస్తే అదే పేరు, అదే గుర్తు. లోపల ఒక్క లైను కూడా పాతది ఉండదు. అందుకే తిరగరాసిన యాప్‌ను పరీక్షించే పద్ధతి వేరు. కొత్త యాప్‌ను పరీక్షించేటప్పుడు ‘ఇది పనిచేస్తోందా’ అని చూస్తాం. ఇక్కడ ‘పాతది చేసిన ప్రతి పనీ ఇది చేస్తోందా’ అని చూడాలి. పాత యాప్‌ను ఏళ్ల తరబడి వాడినవాళ్లకే ఆ సంగతి తెలుస్తుంది. డెవలపర్‌కు కూడా అంతగా తెలియదు.

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు ఉన్న మన తెలుగువాళ్లు ఈ పనికి బాగా కావలసినవాళ్లు. మన ఫోన్లలో తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు నాలుగూ కలిసి ఉంటాయి. తెలుగు అనర్గళంగా మాట్లాడుతూ, ఒడియా మీడియంలో చదవడం వల్ల తెలుగు లిపి రానివాళ్లు మన మధ్య ఉన్నారు. హైదరాబాద్‌లో కూర్చున్న డెవలపర్‌కు ఇలాంటి ఫోన్, ఇలాంటి పాఠకుడు దొరకడం కష్టం.

మొదట పాత యాప్‌ను భద్రం చేయండి

బీటా, అంటే విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే వెర్షన్, లింకు రాగానే నొక్కకండి. ముందు పాత యాప్ తెరిచి, అందులో ఏమేం ఉన్నాయో రాసుకోండి: ఎన్ని కథలున్నాయి, ఏ కథలో ఎక్కడిదాకా వచ్చారు, ఎన్ని సేవ్‌లున్నాయి (ఆపిన చోటు నుంచి మళ్లీ ఆడేందుకు దాచుకున్నవి), అక్షరాల సైజు ఎంత, రంగులు ఏమిటి. ప్రతి తెరకూ ఒక స్క్రీన్‌షాట్ తీసుకోండి. రేపు కొత్తదానిలో ఏదైనా మాయమైతే, అది ముందు ఉండేదని చూపడానికి ఇవే ఆధారాలు.

తర్వాత సేవ్ ఫైళ్లను బయటకు తీయండి. ఎక్స్‌పోర్ట్ లేదా షేర్ సదుపాయం ఉంటే వాటిని డ్రైవ్‌లోకో, పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేయండి. ఈ మెట్టు దాటేసి ముందుకు వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. నెలల తరబడి ఆడిన కథ పోతే తిరిగి రాదు.

మీది ఆండ్రాయిడ్ అయితే, డెవలపర్ నేరుగా ఏపీకే ఫైలు (ప్లే స్టోర్ లేకుండా యాప్ ఎక్కించే ఫైలు) పంపినప్పుడు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ప్లే స్టోర్ యాప్‌కూ ఈ ఫైలుకూ డిజిటల్ సంతకం వేరైతే, పాతదాని మీద కొత్తది ఎక్కదు. ‘పాతది తీసేసి ఇది పెట్టుకోండి’ అని ఎవరైనా సలహా ఇస్తే ఒక్క క్షణం ఆగండి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే దాంతోపాటు సేవ్‌లు కూడా పోతాయి. వీలుంటే ఇంట్లో పక్కన పడి ఉన్న పాత ఫోన్ ఒకటి ఈ పనికే కేటాయించండి. నా సలహా ఎప్పుడూ ఇదే.

టెస్టర్‌గా చేరడం

ఆండ్రాయిడ్‌లో మీ జీమెయిల్ అడ్రస్‌ను డెవలపర్ జాబితాలో చేరుస్తారు. మీరు లింకు తెరిచి ఒప్పుకుంటే, ప్లే స్టోర్ నుంచే బీటా వస్తుంది. ఫోన్‌లో రెండు మూడు జీమెయిల్ ఖాతాలుంటే, జాబితాలో ఉన్న ఖాతాతోనే ప్లే స్టోర్ తెరవాలి. ‘లింకు పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. ఐఫోన్‌లో టెస్ట్‌ఫ్లైట్ అనే ఆపిల్ యాప్ ద్వారా వస్తుంది. అక్కడ ఒక్కో బిల్డ్, అంటే పరీక్షకు పంపిన ఒక్కో వెర్షన్, 90 రోజులే పనిచేస్తుంది.

ఇక్కడ మీ సంఖ్యకు కూడా విలువ ఉంది. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా నుంచి ప్లే స్టోర్‌లో యాప్ విడుదల చేయాలంటే, ముందుగా కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు చేరి ఉండాలని గూగుల్ నియమం. సొంత ఖర్చుతో తెలుగు కథల యాప్ తయారుచేసే ఒంటరి డెవలపర్‌కు ఆ 12 మంది దొరకడమే పెద్ద టెన్షన్. మన వీధిలో నలుగురు, పాతపట్నంలో చుట్టాలు నలుగురు చేరితే ఆ పని చాలావరకు అయిపోతుంది. అయితే చేరి ఊరుకోకుండా యాప్ తెరిచి ఆడాలి, మధ్యలో బయటకు వెళ్లకూడదు.

పాత సేవ్‌లు తెరవడం

తిరగరాసిన యాప్‌లో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది కాబట్టి, మీ సమయంలో సగం దీనికే ఇవ్వండి.

పాత యాప్ ఉన్న ఫోన్‌లో దాన్ని తీయకుండానే కొత్తది ఎక్కించండి. మామూలు వాడుకదారుడి ఫోన్‌లో జరిగేది ఇదే కదా. తెరవగానే కథల జాబితా మీరు రాసుకున్నదానితో సరిపోయిందా? ఒక్కో కథ తెరిస్తే మీరు ఆపిన చోటికే వచ్చిందా? వచ్చాక రెండు మూడు ఆదేశాలు ఇచ్చి చూడండి. పేరా సరిగ్గా కనిపించి, చేతిలో ఉండాల్సిన తాళంచెవి మాత్రం మాయమయ్యే అవకాశం ఉంది. తెర చూసి సంతృప్తి పడకుండా, మీ దగ్గరున్న వస్తువుల జాబితా అడగండి. ఇంగ్లీషు కథల్లో దానికి ‘ఐ’ అనే ఒక్క అక్షరం టైప్ చేస్తే చాలు.

సేవ్‌లలో రకాలున్నాయి. జెడ్-మెషీన్ కథల్లో మీరు స్వయంగా చేసిన సేవ్‌కు క్వెట్జల్ అనే ఉమ్మడి ఫార్మాట్ ఉంది. ఒక యాప్‌లో చేసింది ఇంకో యాప్‌లోనూ తెరుచుకోవాలనేదే దాని ఉద్దేశం. కాబట్టి అది కొత్త యాప్‌లో తెరుచుకోకపోతే ఖాయంగా రాసి పంపాల్సిన విషయం. కానీ ముందు ఒకటి చూడండి: ఆ సేవ్‌లో కథ రిలీజ్ నంబరు, సీరియల్ నంబరు కూడా ఉంటాయి. కథ ఫైలే కొత్త రిలీజ్‌కు మారి ఉంటే పాత సేవ్ తెరుచుకోకపోవడం సహజం. కథలో ‘వెర్షన్’ అనే ఆదేశం ఇస్తే చాలా ఆటలు ఈ నంబర్లు చూపిస్తాయి.

ఫోన్ పక్కన పెట్టగానే యాప్ తనంతట తాను చేసుకునే ఆటోసేవ్ వేరు. దాన్ని ఒక్కో యాప్ తన సొంత పద్ధతిలో దాచుకుంటుంది, అందుకే తిరగరాసినప్పుడు ఎక్కువగా విరిగేది అదే. ట్వైన్ కథల సంగతి ఇంకా సున్నితం. అవి బ్రౌజర్‌లో నడిచినట్టే నడుస్తాయి, సేవ్‌లు వెబ్ నిల్వలో ఉంటాయి. కొత్త యాప్ ఆ కథను వేరే చిరునామా నుంచి తెరిస్తే, పాత సేవ్‌లు ఫోన్‌లోనే ఉన్నా కథకు కనిపించవు. ఎంపికలు నొక్కి ఆడే కథల్లో కనీసం ఒకదాన్ని సగం దాకా ఆడి, యాప్ అప్‌డేట్ చేసి, తెరిచి చూడండి.

యాప్‌ను మధ్యలో చంపండి

కథ ఆడుతుండగా ఫోన్ వస్తుంది, వాట్సాప్ చూస్తాం, కెమెరా తెరుస్తాం. ర్యామ్ తక్కువున్న ఫోన్‌లో ఈలోగా ఆండ్రాయిడ్ వెనకనున్న యాప్‌ను ఆపేస్తుంది. తిరిగి వస్తే కథ ఉన్నచోటే ఉండాలి. దీన్ని అదృష్టానికి వదలకుండా పరీక్షించే దారి ఉంది. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ కింద బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. (కొన్ని ఫోన్లలో బిల్డ్ నంబర్ బదులు ఫోన్ కంపెనీ సొంత వెర్షన్ పేరు మీద నొక్కాలి.) అందులో ‘డోన్ట్ కీప్ యాక్టివిటీస్’ ఆన్ చేయండి. ఇక తెర వదిలిన ప్రతిసారీ ఫోన్ దాన్ని మూసేస్తుంది. ఇప్పుడు ఆదేశం సగం టైప్ చేసి బయటకు వెళ్లి రండి. పొడవైన పేరా మధ్యలో, సేవ్ పేరు అడుగుతున్నప్పుడు, తెరను అడ్డంగా తిప్పుతున్నప్పుడు కూడా అలాగే చేయండి. పరీక్ష అయ్యాక ఆ సెట్టింగ్ ఆపేయడం మరిచిపోవద్దు, మిగతా యాప్‌లు కూడా ఇబ్బంది పెడతాయి.

సిగ్నల్ పోయే పరిస్థితి మనకు కొత్తేమీ కాదు. ఇక్కడ దాన్నే వాడుకుందాం. ఒకసారి దిగుమతి చేసిన కథ నెట్ లేకుండా ఆడగలగాలి. గుణుపూర్ రైలెక్కి ఆడినా సరే, ఇంట్లో ఫ్లైట్ మోడ్ పెట్టి ఆడినా సరే. కథ డౌన్‌లోడ్ అవుతుండగా నెట్ ఆపండి. సగం ఫైలును పూర్తి కథలా జాబితాలో చూపిస్తే అది తీవ్రమైన లోపం.

తెలుగు అక్షరాల దగ్గర ఆగి చూడండి

డెవలపర్‌కు తెలుగు రాకపోతే ఈ భాగం మీ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. వచ్చినా, మీలా కూర్చుని చదివే తీరిక ఉండదు.

వత్తులు తెగిపోతున్నాయేమో చూడండి. వరుసల మధ్య దూరం ఇంగ్లీషుకు సరిపోయేలా పెడితే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో కింది వత్తు సగం కోసుకుపోతుంది. బటన్ల మీద రాసిన ఎంపికల్లో ఇది ఎక్కువ. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం దాకా పెంచుకోవచ్చు. అంత పెంచి ఎంపికల బటన్లు చూడండి. మాట కింది వరుసలోకి దిగాలి, చుక్కలతో మాయమవకూడదు.

కథను టైప్ చేస్తున్నట్టు ఒక్కో అక్షరం చూపించే యాప్‌లుంటాయి. ‘స్త్రీ’ మనకు ఒకటే అక్షరం, కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు. వాటిని ఒక్కొక్కటిగా వదిలితే తెర మీద స, స్, స్త, స్త్, స్త్ర అంటూ కళ్ల ముందే వణికి చివరికి స్త్రీ అవుతుంది. స్క్రీన్‌షాట్‌లో ఇది పట్టుబడదు, స్క్రీన్ రికార్డింగ్ పంపండి.

పాత తరహా కథల్లో పైన ఒక పట్టీ ఉంటుంది, ఎక్కడున్నామో, ఎంత స్కోరో చూపేది. ప్రతి అక్షరమూ ఒకే వెడల్పు ఉంటుందనే లెక్కతో దాన్ని అమరుస్తారు. తెలుగులో ఆ లెక్క కుదరదు. ఊరి పేరు పొడవైనప్పుడు స్కోరు తెర బయటకు జారిపోతోందా అని చూడండి.

టైప్ చేయడం ఇంకో పెద్ద అధ్యాయం. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే కీబోర్డు ఆన్‌లో ఉంచి ఇంగ్లీషు కథ ఆడండి. ‘ఓపెన్ డోర్’ అని ఇంగ్లీషులో కొడితే కీబోర్డు దాన్ని తెలుగు లిపిలోకి మార్చి పంపుతుంది, కథకు అర్థం కాదు. ఆ పెట్టె దగ్గర ఏ భాష కావాలో యాప్ కీబోర్డుకు సూచించగలదు. పాతది సూచించేదా, కొత్తది సూచిస్తోందా? ఆటోకరెక్ట్ కూడా అంతే. ‘ఎక్స్ ల్యాంప్’ (దీపాన్ని పరిశీలించు) లాంటి పొట్టి ఆదేశాలను అది దిద్దేస్తే ఆడినవాళ్లకు విసుగొస్తుంది.

పైకి ఒకేలా కనిపించే మాటలు లోపల వేరుగా ఉండవచ్చని గుర్తుంచుకోండి. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ట్, వే కలిసిపోకుండా కొందరి కీబోర్డు కనిపించని గుర్తు ఒకటి పెడుతుంది, కొందరిది పెట్టదు. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. ‘కైలాసం’ అనే పేరుతో సేవ్ చేసి, ఆ పేరుతోనే వెతకండి. అదే మాటను వేరే ఫోన్ నుంచి కాపీ చేసి అతికించి మళ్లీ వెతకండి. ఒకసారి దొరికి ఒకసారి దొరక్కపోతే మీరు మంచి లోపం పట్టుకున్నట్టే.

ఒడియా పేర్లు కలిసిన వాక్యం ఉంటే చూడండి. తెలుగు ఫాంట్‌లో ఒడియా అక్షరాలు ఉండవు కాబట్టి ఫోన్ వేరే ఫాంట్ తెచ్చుకోవాలి. తెచ్చుకోకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి.

వినిపించే కథ

అక్షరాలతో నడిచే ఆటలు కాబట్టి, చూపు లేనివాళ్లు ఎంతో ఇష్టంగా ఆడే ఆటలు ఇవి. మన దగ్గర లిపి రాని తెలుగువాళ్లకు కూడా ఇదే దారి. తెర మీద ఉన్నది చదివి వినిపించే సదుపాయం, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆన్ చేసి, తెర చూడకుండా ఒక కథ ఆడండి. టాక్‌బ్యాక్‌లో కుడికి జరిపితే తర్వాతి అంశం, రెండుసార్లు తడితే ఎంపిక.

మా పిన్ని ఒడియా మీడియంలో చదువుకుంది. ఆమె చెవితోనే ఆడుతుంది. ఒక బిల్డ్ గురించి ఆమె చెప్పింది ఇది: ‘ఒరేయ్, కథంతా చదివింది గానీ, నేను నొక్కాక కొత్త పేరా వచ్చిందో లేదో చెప్పట్లేదురా. మళ్లీ పైనుంచి మొదలెడుతోంది.’ అది డెవలపర్‌కు కావలసిన రిపోర్టు. కొత్తగా వచ్చిన భాగం మాత్రమే వినిపించాలి, వినిపించాక దృష్టి ఎంపికల దగ్గరకు రావాలి. ఫోన్ భాష ఒడియా లేదా ఇంగ్లీషు పెట్టి కూడా ఒకసారి వినండి. తెలుగు పేరాకు ‘ఇది తెలుగు’ అని యాప్ గుర్తు పెట్టకపోతే, ఇంగ్లీషు గొంతు ఆ పేరాను వదిలేయవచ్చు.

తప్పు యాప్‌దా, కథదా?

రిపోర్టు రాసే ముందు ఇది తేల్చండి. ‘తలుపు తెరువు’ అంటే తెరుచుకుని, ‘తలుపు తియ్యి’ అంటే అర్థం కాలేదని వస్తే, అది కథ రాసినవాళ్లు పదాల పట్టికలో చేర్చని మాట. యాప్ తప్పేమీ లేదు. అయినా రాయండి, కథకుడికి వేరుగా పంపండి. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే వాడుక భాష కోసం పోరాడారు. ఆ ఊరి టెస్టర్ ‘పెట్టె అట్టుకెళ్లు’ అని టైప్ చేసి చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

ఇంకొన్ని లోపాల్లా కనిపిస్తాయి గానీ లోపాలు కావు. జెడ్-మెషీన్ మూడో వెర్షన్ కథలు మాటలో మొదటి ఆరు అక్షరాలనే పోల్చుకుంటాయి, తర్వాతి వెర్షన్లు తొమ్మిది. కాబట్టి పొడవైన మాట చివర తప్పు కొట్టినా ఆట ఒప్పుకుంటుంది. అదృష్టం మీద నడిచే సన్నివేశాలు ప్రతిసారీ మారుతాయి. మిగతా చోట్ల తేల్చుకోవడానికి మంచి పద్ధతి ఒకటుంది: పాత యాప్, కొత్త యాప్ రెండు ఫోన్లలో పక్కపక్కన పెట్టి, అదే కథ ఫైలులో అవే ఆదేశాలు ఇవ్వండి. రెండూ ఒకే తప్పు చేస్తే సందేహం కథ మీద, కొత్తది మాత్రమే చేస్తే యాప్ మీద.

రిపోర్టు రాయడం

ఆదేశాలు టైప్ చేసే కథల్లో మొదట ‘స్క్రిప్ట్’ అని కొడితే, చాలా ఆటల్లో అక్కడి నుంచి ఆట మొత్తం ట్రాన్‌స్క్రిప్ట్‌గా ఫైలులోకి ఎక్కుతుంది. నడుమ మీ వ్యాఖ్య రాయాలంటే వరుస మొదట నక్షత్రం గుర్తు పెట్టి రాయడం టెస్టర్ల అలవాటు: ‘* ఇక్కడ వత్తు తెగింది’. కథ అర్థం కాలేదని బదులిచ్చినా పరవాలేదు, మీ మాట ఫైలులో ఉంటుంది.

‘యాప్ సరిగా లేదు, సేవ్ పోయింది’ అని రాస్తే డెవలపర్ చేయగలిగేది ఏమీ లేదు. ఇలా రాయండి:

‘ఆండ్రాయిడ్ 13, 4 జీబీ ర్యామ్. యాప్ బిల్డ్ నంబరు స్క్రీన్‌షాట్‌లో ఉంది. పాత యాప్ మీదే అప్‌డేట్ చేశాను. ట్వైన్ కథ తెరిచి, మూడో అధ్యాయంలో ఆటలోని సేవ్ బటన్ నొక్కాను. యాప్ మూసి తెరిచాను. సేవ్ జాబితా ఖాళీగా ఉంది. పాత యాప్‌లో ఇలాగే చేస్తే సేవ్ కనిపించేది. ప్రతిసారీ జరుగుతోంది.’

ఒక రిపోర్టులో ఒకే లోపం ఉండాలి. ఎప్పుడో ఒకసారి మాత్రమే జరిగితే ఆ మాటే రాయండి, దాచవద్దు. తెలుగులో టైప్ చేయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పంపండి. మీ బృందంలో ఒకరు వాటిని విని, ఒకే లోపం నాలుగుసార్లు వెళ్లకుండా కలిపి రాస్తే చాలు. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్‌ను డాక్యుమెంటుగా పంపండి, ఫొటోగా పంపితే నాణ్యత తగ్గి తెగిన వత్తు కనిపించదు. టెస్ట్‌ఫ్లైట్‌లో స్క్రీన్‌షాట్ తీయగానే దాన్ని నేరుగా డెవలపర్‌కు పంపే అవకాశం వస్తుంది. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లో తయారయ్యే పూర్తి బగ్ రిపోర్టులో మీ ఫోన్ గురించిన వ్యక్తిగత వివరాలు చాలా ఉంటాయి. దాన్ని గ్రూపుల్లో పెట్టకండి, డెవలపర్ అడిగితే వారికి మాత్రమే ఇవ్వండి.

కొత్త బిల్డ్ వచ్చాక

సరిచేశామని చెప్పిన లోపాన్ని మీరు ఇచ్చిన మెట్ల ప్రకారమే మళ్లీ చేసి చూడండి, ఫలితం రాయండి. ‘సరైంది’ అనే ఒక్క మాట కూడా డెవలపర్‌కు చాలా అవసరం. తర్వాత దాని చుట్టుపక్కల చూడండి. ట్వైన్ సేవ్‌లు సరిచేశారంటే జెడ్-మెషీన్ సేవ్‌లు ఒకసారి తెరిచి చూడాల్సిందే.

బీటా ముగిసి బయటకు వచ్చేటప్పుడు ఒక చిక్కుంది. ప్లే స్టోర్‌లో బీటా నుంచి తప్పుకున్నంత మాత్రాన ఫోన్‌లోని బీటా యాప్ పోదు. మామూలు వెర్షన్ కావాలంటే దాన్ని తీసేసి మళ్లీ పెట్టుకోవాలి, తీసేస్తే సేవ్‌లు పోతాయి. పైగా కొత్త యాప్ రాసిన సేవ్‌లు పాత యాప్‌కు అర్థం కాకపోవచ్చు. కాబట్టి తిరగరాసిన వెర్షన్ అందరికీ విడుదలయ్యేదాకా ఆగి, ముందు సేవ్‌లు ఎక్స్‌పోర్ట్ చేసి, తర్వాత బీటా తీసేసి, విడుదలైనది పెట్టుకుని, సేవ్‌లు లోపలికి తెచ్చుకోండి. ఆ తెచ్చుకోవడంలో ఏదైనా తేడా వస్తే అది కూడా రాసి పంపండి.